నాన్న జనతా వాచీ

"ఇట్రా అబ్బయ్యా, ఇది చూడు" అంటూ చిన్నబజారులో వాచీలు బాగుచేసే పెద్దాయన భూతద్దం నా చేతిలో పెట్టాడు.

నాన్న వాచీ వెనక మూత తీసి ఉంది. లోపల బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతోంది, సెకనుకు 5 సార్లు. పక్కనే ఆవగింజంత ఎర్రరాళ్లు. అవి సోకుకి కాదు, ఇరుసులు అరక్కుండా పెట్టిన రూబీలు. ఈ హెచ్‌ఎంటీ జనతాలో మొత్తం 17 రాళ్లు.

సెల్ లేదు, ఛార్జింగ్ లేదు. పొద్దున కీ ఇస్తే మర్నాటిదాకా ఢోకా లేదు.

1961లో జపాన్ సిటిజన్ కంపెనీ వాళ్ల సాయంతో బెంగళూరులో మొదలైన వాచీలివి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతపడినా, ఇప్పటికీ విప్పి, కడిగి, చుక్క నూనె వేస్తే మళ్లీ నడుస్తాయి. మంచి పనితనమంటే నాకు ఇదే.

ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు లేరు. అదే నా బాధ. నెల్లూరులో కీ వాచీలు చూసేవాళ్లు ఇంకెవరైనా తెలిస్తే చెప్పండి.