బొగ్గు కరెంటు తగ్గించుకుని మేడ మీద సోలార్ పెట్టించుకున్నాం: నా అనుభవం

మాది విజయవాడ, భవానీపురం వైపు. ఇబ్రహీంపట్నం దారిలో వెళ్తుంటే వీటీపీఎస్, అంటే బొగ్గుతో నడిచే విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనపడతాయి, పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ చూస్తున్నవే. సింగరేణి నుంచీ, ఒడిశా తాల్చేరు గనుల నుంచీ బొగ్గు రైళ్ళలో వస్తుంది, ఇక్కడ కాలుతుంది, బూడిద ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు మిగులుతుంది, కరెంటు మా ఇళ్ళకు వస్తుంది. తెలిసిన విషయమే. కానీ నేను వేసే స్విచ్చుకీ ఆ పొగకీ ముడిపెట్టి గట్టిగా ఆలోచించింది మాత్రం 2024 సెప్టెంబరు వరదల తర్వాతే. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్క వాళ్ళు మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్లు తెచ్చే పడవ కోసం ఎదురుచూశారు, అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చాయి. ఒక్క వరదను చూపించి ఇది వాతావరణ మార్పు వల్లే అనడం కుదరదు, బుడమేరు గట్ల సంగతీ ఆక్రమణల సంగతీ వేరే ఉన్నాయి. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కురిస్తే కుండపోతే. ఇది చదివాక మా ఇంటి వాటా ఎంతో చూడాలనిపించింది.

లెక్క పెద్ద కష్టమేం కాదు. మన దేశంలో గ్రిడ్ నుంచి, అంటే అందరికీ కరెంటు తెచ్చే లైన్ల నుంచి, ఒక యూనిట్ కరెంటు వాడితే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక గ్యాస్ సిలిండర్ మొత్తం కాలిస్తే 42 కిలోల చుట్టుపక్కల, లీటరు పెట్రోలుకి 2.3 కిలోలు. మా ఇంట్లో ఐదుగురం, మే నెల బిల్లు ఐదొందల యూనిట్లు దాటేది. అంటే ఒక్క కరెంటుకే నెలకు 350 కిలోలు! సిలిండరూ, మా వారి బండి పెట్రోలూ కలిపినా వంద కిలోలు రావు. గుడ్డ సంచీ పట్టుకెళ్ళడం, ప్లాస్టిక్ మానడం మంచివే, కాలవలు పూడకుండా ఉంటాయి, అవి మానక్కర్లేదు. కానీ కార్బన్ తగ్గించాలంటే మాలాంటి ఇంట్లో ముందు చెయ్యి వేయాల్సింది కరెంటు బిల్లు మీదేనని ఈ లెక్కతో తేలిపోయింది.

చాలామంది నేరుగా సోలార్ వాళ్ళకు ఫోన్ చేస్తారు, వాళ్ళు బిల్లు చూసి ఐదు కిలోవాట్లు వేయించుకోండి అంటారు. దయచేసి ముందు వాడకం తగ్గించండి, ఆ తర్వాతే సోలార్ ఎంత కావాలో తేల్చుకోండి. మేం మొదట ఫ్యాన్లు మార్చాం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్లు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యానైతే ఒక్కోదాని మీద నెలకు దాదాపు పదిహేను యూనిట్లు మిగులుతుంది, మా ఇంట్లో ఐదు ఫ్యాన్లు. తర్వాత ఏసీ. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు చెబుతారు. 22లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మా పిల్లలది, 26లో పెట్టి ఫ్యాను చిన్నగా తిప్పితే చాలని ఒప్పించడానికి కొన్ని రోజులు పట్టింది, తర్వాత వాళ్ళే మర్చిపోయారు. పై అంతస్తు శ్లాబు వేడెక్కుతోందని మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించాం, రాత్రిపూట గది త్వరగా చల్లబడటం మా అత్తయ్య గారే గమనించి చెప్పారు. ఇవన్నీ అయ్యాక వచ్చిన ఎండాకాలం బిల్లులు నాలుగొందల లోపే ఆగాయి. మా రాష్ట్రంలో 400 యూనిట్లు దాటాక యూనిట్ 9.75 రూపాయలు, అది కాక ట్రూ అప్ అనీ సర్దుబాటు అనీ పాత ఖర్చుల తేడాల కింద వేసే చార్జీలు వేరే ఉంటాయి, కాబట్టి డబ్బుల్లో కూడా తేడా బాగానే తెలిసింది. ఐదు కిలోవాట్లు అవసరం లేదు, మూడు చాలు అని ధైర్యం వచ్చింది కూడా అప్పుడే.

ఇక అసలు ప్రయాణం. పీఎం సూర్యఘర్ అని 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం ఉంది కదా, మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు గానీ ఆ పైన గానీ పెట్టించుకుంటే మొత్తం 78 వేలు సబ్సిడీ. పోర్టల్లో రిజిస్టర్ అవ్వాలంటే కరెంటు సర్వీస్ నంబరు కొట్టాలి, కొట్టగానే మా మావయ్య గారి పేరు వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఇల్లు మా వారి పేరుకి మారింది, మీటరు మీద పేరు మార్చడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. సబ్సిడీ పడాలంటే బిల్లు మీద పేరూ బ్యాంకు ఖాతా పేరూ ఒకటే ఉండాలి. సరే, పేరు మార్పిడికి పెట్టాం. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, అత్తయ్య గారూ మా ఆడపడుచూ అభ్యంతరం లేదని సంతకం పెట్టిన కాగితం, ఇవి అడిగారు. మా ఆడపడుచు ఉండేది బెంగళూరులో, కాగితం కొరియర్లో వెళ్ళి రావాలి. ఒక కౌంటర్లో ఉన్నాయన ఒక కాగితం చాలన్నారు, పక్క కౌంటర్లో ఇంకోటి కావాలన్నారు, మొత్తం ప్రక్రియలో నాకు నిజంగా టెన్షన్ పెట్టిన భాగం ఇదే. చివరికి కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి దగ్గరికి ఫైలు తీసుకెళ్తే ఆయన నిమ్మళంగా చూసి, "అమ్మా, ఇంటి పన్ను రసీదులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, అందుకే ఆగింది. ఒక అఫిడవిట్ పెట్టండి, అయిపోతుంది" అన్నారు. పెట్టాం, అయిపోయింది. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పేరు మారాక మిగతాది ఆశ్చర్యంగా వేగంగా నడిచింది. 10 కిలోవాట్ల లోపు సోలార్‌కి ఫీజిబిలిటీ పరిశీలన, అంటే అక్కడి లైన్‌కి కుదురుతుందా అని చూడటం, అక్కర్లేకుండా ఆమోదించాలని కేంద్రం 2024లోనే రూల్స్ మార్చింది, అందుకని అక్కడ ఆగలేదు. పోర్టల్లో ఉన్న ఏజెన్సీల్లోంచి కొందరిని పిలిపించి కొటేషన్లు తీసుకున్నాం. ఇక్కడ గట్టిగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్ళు, వాటి లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయి ఉండాలి, వాటినే డీసీఆర్ ప్యానెళ్ళు అంటారు, బయటివాటి కంటే ధర ఎక్కువ. కొటేషన్ బాగా తక్కువ చెబుతున్నారంటే డీసీఆర్ అవునా కాదా అని కాగితం మీద రాయించుకోండి. రెండోది స్ట్రక్చర్. మేడ మీద మాకు వడియాలూ ఆవకాయ కారాలూ ఎండబెట్టుకునే చోటు కావాలి, బట్టలు ఆరేసుకోవాలి, అందుకని మనిషి కింద నడిచేంత ఎత్తులో వేయించుకున్నాం, దానికి అదనంగా ఖర్చయింది. మాది తుపాన్ల కోస్తా. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ ఎక్కువ కాబట్టి, మామూలు రంగు వేసిన ఇనుము కాకుండా జింకు పూత ఇనుమే పెట్టాలనీ, కాళ్ళు శ్లాబుకి గట్టిగా బిగించి దిమ్మలు కట్టాలనీ దగ్గరుండి చెప్పుకున్నాం. బిగించే కుర్రాళ్ళు వచ్చినప్పుడు అత్తయ్య గారు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు.

నీడ సంగతి కూడా చెప్పాలి. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం మూడింటికి మా మేడ మీద ఓ మూలకు వస్తుంది. ప్యానెళ్ళన్నీ వరసగా ఒకే తీగ మీద ఉంటాయి, ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి నుంచి వచ్చే కరెంటు కూడా తగ్గొచ్చు, పంపు సెట్టు గొట్టం ఒకచోట నొక్కితే చివర నీళ్ళు తగ్గినట్టు. చెట్టు కొట్టించమని ఒక ఏజెన్సీ అతను సులువుగా అనేశాడు, నాకది నచ్చలేదు, ప్యానెళ్ళనే నాలుగడుగులు తూర్పుకి జరిపించాం. దక్షిణం వైపు వాల్చి పెట్టించాం, మన అక్షాంశానికి 15 డిగ్రీల వాలు సరిపోతుంది. ఆరు ప్యానెళ్ళు, ఒక్కోటి 540 వాట్లు. మూడు ఎర్తింగ్ గుంతలు తవ్వారు, ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటు వైపుకి ఒకటి, ప్యానెళ్ళ నుంచి వచ్చే డీసీ కరెంటు వైపుకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఖర్చు సబ్సిడీ రాకముందు రెండు లక్షలు దాటింది. మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి లోన్ ఇస్తున్నారు, మేం కొంత చేతిలోది, కొంత లోన్ పెట్టుకున్నాం.

బిగించడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఆగేది నెట్ మీటర్ దగ్గర. మనం గ్రిడ్‌కి ఇచ్చిందీ తీసుకున్నదీ రెండూ లెక్కపెట్టే మీటరు అది, టెస్టింగ్ అయి రావాలి, డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి చూసి సీల్ వేయాలి. అప్పటిదాకా సిస్టమ్ ఆన్ చేయకూడదు. పాత మీటరు వెనక్కి వెళ్ళే కరెంటుని కూడా వాడకంగానే లెక్కేయొచ్చు, బిల్లు పెరిగిపోతుంది. మంచి ఎండలో ప్యానెళ్ళు ఊరికే పడి ఉంటే ఆత్రం ఆగదు, అయినా ఆగాలి. మీటరు పెట్టాక పోర్టల్లో సిస్టమ్ పని మొదలుపెట్టిందనే కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చింది, బ్యాంకు వివరాలు ఇచ్చాం, నెల తిరక్కుండా సబ్సిడీ పడింది.

ఇప్పుడు ఎండ బాగున్న రోజు పదమూడు, పద్నాలుగు యూనిట్లు వస్తున్నాయి, ముసురు పట్టిన రోజు మూడు నాలుగు. రోహిణి కార్తెలో ఇంకా దండిగా వస్తుందనుకున్నారు మా వారు. కానీ ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని పని తగ్గుతుంది, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి దాదాపు మూడో వంతు శాతం పోతుంది, అందుకే మాకు మార్చి, ఏప్రిల్ నెలలే బాగున్నాయి. దుమ్ము పేరుకోకుండా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు కొట్టి మెత్తటి గుడ్డతో తుడుస్తాం, మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్ళు పోయకండి. ఇంకో మాట, కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా చేశారు, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపిన ఏ ఆన్‌గ్రిడ్ సోలార్ అయినా అంతే.

ఏడాదికి నాలుగు వేల యూనిట్లు వస్తాయనుకుంటే 2.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాట. మన దేశంలో మనిషికి ఏడాది సగటు రెండు టన్నుల దగ్గర ఉంది కాబట్టి ఇది చిన్నదేం కాదు. ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. నెట్ మీటర్ లెక్కలో బిల్లు సున్నా దగ్గరికి వచ్చినా, రాత్రి మేం వాడేది ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు కరెంటే. అందుకని వాషింగ్ మెషీన్, మోటారు, గ్రైండర్, ఇస్త్రీ అన్నీ పగటిపూటకి మార్చాం. ఇండక్షన్ పొయ్యి కూడా ఇప్పుడే కొన్నాం, ముందు కొనలేదు. గ్రిడ్ కరెంటుతో వండితే, నేను వేసిన లెక్కలో, గ్యాస్ కంటే దాదాపు రెట్టింపు కార్బన్ వస్తోంది మరి! పొద్దున తొమ్మిది దాటాక పప్పూ అన్నమూ కుక్కర్లో దాని మీదే, రాత్రి వంట గ్యాస్ మీదే. సిలిండర్ ఇదివరకటి కంటే ఎక్కువ రోజులు వస్తోంది.

మా స్కూల్లో పనిచేసే ఒకావిడ ఉండేది అపార్ట్‌మెంట్‌లో, మేడ అందరిదీ, మాకెలా కుదురుతుందండీ అని అడిగింది. ఇదే పథకంలో అపార్ట్‌మెంట్ సంఘాలకు కూడా లిఫ్టూ, మోటార్లూ, కారిడార్ లైట్లలాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. ఆ వివరం రాసిచ్చాను, వాళ్ళ సంఘం మీటింగులో పెడతానంది. ముందు ఉమ్మడి మీటరు ఎవరి పేరు మీద ఉందో చూసుకోమన్నాను, చూస్తే బిల్డర్ పేరు మీదే ఉందట.