హీ-మ్యాన్ పరుగు

"నాన్నా, ఈ పరుగు ఇందాకే వచ్చింది కదా?"

హీ-మ్యాన్ రెండో ఎపిసోడ్ సగానికి రాకముందే మా అమ్మాయి పట్టేసింది. తనకి ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు దూరదర్శన్‌లో అదే కార్టూన్‌ని మాటలు సగం అర్థం కాకపోయినా కళ్లప్పగించి చూసిన నాకు మాత్రం ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. నిజమే, అదే పరుగు. మనవైపు దూసుకొచ్చే ఆ పరుగు, తెర మీదికి విసిరే ఆ పిడికిలి, కత్తి పైకెత్తగానే ఆడమ్ యువరాజు హీ-మ్యాన్‌గా మారిపోవడం, అతని భయస్తుడైన పెంపుడు పులి క్రింజర్ బ్యాటిల్ క్యాట్ అయిపోవడం, 130 ఎపిసోడ్ల పొడుగునా మళ్లీ మళ్లీ అవే బొమ్మలు, వెనకాల దృశ్యం మాత్రం మారుతుంది.

దీనికి కారణం ఉంది. ఈ సీరియల్ తీసింది కాలిఫోర్నియాలోని ఫిల్మేషన్ స్టూడియో. అప్పట్లో అమెరికాలో శనివారం పొద్దున వచ్చే కార్టూన్లకి ఏడాదికి పదమూడో పదహారో ఎపిసోడ్లుంటే సరిపోయేది. 1983 సెప్టెంబరులో మొదలైన హీ-మ్యాన్ అలా కాదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రావాలి, అందుకే సీజన్‌కి 65 చొప్పున తీయాల్సి వచ్చింది. మిగతా స్టూడియోలు ఖర్చు తగ్గించుకోవడానికి గీసే పనిని ఆసియా దేశాలకి పంపేస్తుంటే, ఫిల్మేషన్ అధిపతి లూ షైమర్ మాత్రం తన దగ్గర పనిచేసే ఆర్టిస్టుల ఉపాధి పోకూడదని ఆ పని అక్కడే చేయించాడు. ఆ డబ్బుతో అన్ని బొమ్మలు గీయాలంటే దారి ఒకటే. నిజం మనిషిని పరిగెత్తించి ఫిల్ము తీసి, ఆ ఫిల్ము మీద గీత గీత చొప్పున కదలిక దించుకుని, ఒకసారి బాగా కుదిరిన బొమ్మల్ని దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవడం. ఓర్కో అనే చిన్న మాంత్రికుడి పేరు కూడా ఇలాగే పుట్టింది. మొదట గోర్పో అనుకున్నారట. బొమ్మని అద్దంలోలా తిప్పి వాడినా గుండె మీది అక్షరం తిరగబడకూడదు కాబట్టి, ఎటు తిప్పినా ఒకేలా ఉండే ఇంగ్లీషు 'ఓ' పెట్టి ఓర్కో చేశారు. ఈ ముక్క తెలిశాక ఆ సీరియల్ మీద నాకు ప్రేమ ఇంకా పెరిగింది.

అసలు ఈ పొదుపు కార్టూన్ కంటే ముందు ఆడుకునే బొమ్మల్లోనే ఉంది. అమెరికా బొమ్మల కంపెనీ మాట్టెల్ 1982లో హీ-మ్యాన్‌తో సహా మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్ బొమ్మలు తెచ్చింది, కార్టూన్ వాటి కోసమే పుట్టింది. బొమ్మ తయారీలో ఖరీదైనది అచ్చు. అందుకే ఒకే ఛాతీ, ఒకే నడుము, తలలు మారుస్తూ రకరకాల మనుషులు. ఆ ఆకుపచ్చ బ్యాటిల్ క్యాట్ కూడా మాట్టెల్ వాళ్ల పాత బిగ్ జిమ్ బొమ్మల్లోని పులే. ఆ పులి పక్కన హీ-మ్యాన్‌ని పెడితే అది మరీ పెద్దదిగా ఉంది కాబట్టి దానిమీద జీను వేసి వాహనం చేసేశారు.

మా పెద్దమామయ్య కొనిచ్చిన హీ-మ్యాన్ ఇప్పటికీ నా దగ్గరుంది. నడుము ఒకవైపు తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు లాగి గిర్రున వెనక్కి తిరుగుతుంది, చెయ్యి దానంతటదే గుద్దుతుంది. కత్తికి ఒకవైపు చదును. అది సగం కత్తే, రెండో సగం విలన్ స్కెలెటార్ బొమ్మ దగ్గర ఉంటుంది, రెండూ కలిపితేనే పూర్తి కత్తి. కార్టూన్‌లో ఈ సగాల కథ లేదు, అక్కడ పూర్తి కత్తే ఆడమ్ చేతిలో ఉంటుంది.

ఇదంతా పిల్లలకి బొమ్మలు అమ్మడానికి తీసిన అరగంట ప్రకటన అని పిల్లల టీవీ బాగుండాలని ఉద్యమం నడిపిన పెగ్గీ చారెన్ లాంటివాళ్లు అమెరికాలో గట్టిగా పోరాడారు. 1984లో ప్రభుత్వం టీవీ నియమాలు సడలించాక ఇలాంటి సీరియళ్లు ఇంకా పెరిగాయి. 1990లో పిల్లల కార్యక్రమాల మధ్య ప్రకటనలకి గంటకి ఇన్ని నిమిషాలే అని చట్టం వచ్చింది. వాళ్ల పోరాటం న్యాయమైనదే, తల్లిదండ్రుల్లో ఒకడిగా నేను వాళ్లవైపే.

అయినా 'ది ప్రాబ్లెమ్ విత్ పవర్' ఎపిసోడ్ చూడండి. రాసింది లారీ డిటిలియో. స్కెలెటార్ పన్నిన మోసంలో పడి, తనవల్ల ఒక అమాయకుడు చచ్చిపోయాడని హీ-మ్యాన్ నమ్ముతాడు. ఇక ఈ బలం నాకొద్దని ఆ కత్తి తీసుకెళ్లి అగాధంలోకి విసిరేస్తాడు. బొమ్మతోపాటు పెట్టెలో ఇచ్చే కత్తి అది! కొట్లోకి పిల్లల్ని రప్పించేదే అది! బొమ్మలు అమ్మడానికి పిలిచి రాయమంటే, ఆ రచయిత హీరో చేత దాన్నే పారేయించాడు. ఆ సీన్‌కి మా అమ్మాయి సోఫా మీంచి కిందికి దిగి టీవీ దగ్గరికెళ్లి నిలబడింది, పరుగు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మర్చిపోయింది. ఫిల్మేషన్ 1989లో మూతపడింది. అక్కడ గీసినవాళ్లకి, రాసినవాళ్లకి నేను మనస్ఫూర్తిగా రుణపడి ఉన్నాను.

ఎపిసోడ్ అయ్యాక నా బొమ్మ చూపించమంది. తీస్తే కాళ్లు రెండూ వేలాడుతున్నాయి. లోపల రెండు కాళ్లనీ కలిపి పట్టుకునే రబ్బరు ఉంటుంది, ఇన్నేళ్లకి అది సాగిపోయి తెగింది. పాత సైకిల్ ట్యూబు లోంచి సన్నటి ముక్క కోసి, చిన్న కొక్కేలకి తగిలించి, పట్టకారుతో లాగి మళ్లీ కూర్చోబెట్టాను. పావుగంట పట్టింది. ఇప్పుడు ఎడమకాలు కొంచెం బయటికి తిరిగి ఉంది కానీ నిలబడుతోంది. మా అమ్మాయి నడుము పట్టుకుని మెల్లగా తిప్పి వదిలింది. బల్ల మీదున్న పెన్సిలు డబ్బా ఠప్పున కిందపడింది.

"మళ్లీ" అంది.