రేడియో గరగరలాడుతుంటే

మీడియం వేవ్‌లో గరగర రాగానే చాలామంది యాంటెన్నాని పైకి లాగుతారు. దానివల్ల లాభం లేదండీ, అది ఎఫ్ఎం, షార్ట్ వేవ్‌ల కోసం. మీడియం వేవ్‌ని పట్టేది డబ్బా లోపల అడ్డంగా ఉండే ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన నల్లటి పదార్థం) కడ్డీ, దాని మీద చుట్టిన సన్నటి రాగి తీగ. కడ్డీ పక్కభాగం స్టేషన్ వైపుంటే శబ్దం నిండుగా వస్తుంది, కొస అటు తిరిగితే దాదాపు పడిపోతుంది. కాబట్టి రేడియోనే మెల్లగా తిప్పాలి. నాకు అన్నిటికన్నా నచ్చే కిటుకు ఇంకోటుంది: గరగర ఎటునుంచి వస్తోందో అటు కొసని గురిపెట్టండి, అది అణిగి స్టేషన్ తేటగా వినిపిస్తుంది.

ఇళ్లలో ఈ గరగర ఎక్కువగా ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లలో కరెంటుని చాలా వేగంగా ఆపుతూ వదులుతూ ఉండే స్విచింగ్ సర్క్యూట్ల నుంచే పుడుతుంది. రేడియోని బ్యాటరీ మీద పెట్టి, వాటిని ఒక్కొక్కటే ఆపి చూడండి, దొంగ దొరుకుతుంది.

ఎఫ్ఎంకి 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల యాంటెన్నా సరిపోతుంది.

వాల్యూమ్ తిప్పేటప్పుడు మాత్రమే బరబరమంటే సిగ్నల్‌ని అనకండి. అది వాల్యూమ్ కంట్రోల్‌లో చేరిన దుమ్ము. సెల్స్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాల్ని శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పదిహేను, ఇరవై సార్లు తిప్పండి. నూనె మాత్రం వద్దు, దుమ్ము ఇంకా పట్టేస్తుంది.