లాభం వచ్చిందంటున్నారు, డబ్బు రాలేదు

మాదాపూర్‌లో కార్యాలయం ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు చాలాకాలంగా వాటాలున్నాయి. వరుస నష్టాలతో కుదేలైన ఆ కంపెనీ, గత ఆర్థిక సంవత్సరాన్ని లాభంతో ముగించామనీ, గండం గట్టెక్కామనీ ఇటీవల ప్రకటించింది. ఆ ప్రకటన వెంటే షేరు ధర కూడా పెరిగింది. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన మా కాలనీ పెద్దాయన ఒకరు నన్ను ఆపి, "కంపెనీ గాడిన పడిందటగా, ఇంకొన్ని షేర్లు తీసుకోమంటారా?" అని అడిగారు. ఇప్పుడే వద్దని చెప్పాను. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగిన కారణాలు కావు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వార్షిక నివేదిక చేతికి రాగానే నేను ముందు తెరిచేది నగదు ప్రవాహాల పట్టిక. ఈ కంపెనీ లాభనష్టాల ఖాతాలో నికర లాభం కనిపిస్తోంది గానీ, వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు మాత్రం సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంది. లాభం వచ్చిన ఏడాదే నగదు రాకపోతే ఆ తేడా ఎక్కడో ఒకచోట పేరుకుని ఉండాలి. ఇక్కడ అది రెండు చోట్ల పేరుకుంది.

మొదటిది, ఖాతాదారుల (కస్టమర్ల) నుంచి రావలసిన బాకీలు. కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలును 2021లో సవరించినప్పటి నుంచి, ఈ బాకీలు ఎంతకాలంగా నిలిచిపోయాయో ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఏడాది నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్లకు పైన అని విడివిడిగా చూపించాల్సి వస్తోంది. చిన్న మదుపరికి ఇంతకంటే ఉపయోగపడే పట్టిక ఇంకొకటి లేదని నా అభిప్రాయం. నిరుడు ఆరు నెలల లోపు గడిలో ఉన్న మొత్తంలో ఎక్కువ భాగం వసూలు కాకుండానే ఈ ఏడు పక్క గడిలోకి జరిగింది. దానిపై కొత్త బిల్లులు వచ్చి చేరాయి. వాటికి తోడు, పని పూర్తయిందని లెక్కగట్టి ఆదాయంగా చూపించినా ఇంకా బిల్లు వేయని మొత్తం కూడా పెరిగింది. ఖాతాదారుల్లో ప్రభుత్వ శాఖలున్నాయి కాబట్టి ఆలస్యం సహజమేనన్న వాదనను నేను కొట్టిపారేయను. ప్రభుత్వ బిల్లుల కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఈ ఊళ్లో వ్యాపారం చేసే ఎవరినడిగినా చెబుతారు. అయితే వసూలు కాదేమోనన్న భయంతో పక్కన పెట్టాల్సిన కేటాయింపును పెంచకపోగా తగ్గించారు. బాకీలు పాతబడుతుంటే కేటాయింపు తగ్గడమేమిటో నాకు అర్థం కాలేదు.

వాటాదారుల వార్షిక సమావేశం వీడియోలోనే జరిగింది. మాట్లాడేందుకు ముందుగా పేరు నమోదు చేసుకుని, ఈ ప్రశ్నే అడిగాను. ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి మర్యాదగానే జవాబిచ్చారు: "అందరూ మంచి కస్టమర్లే సార్, డబ్బు ఎక్కడికీ పోదు, కాస్త లేటవుతుందంతే." ఏడాది ముగిశాక ఇప్పటిదాకా అందులో ఎంత వసూలైందని మళ్లీ అడిగాను. ఆ అంకె దగ్గర లేదని, తర్వాత మెయిల్ చేస్తామని అన్నారు. ఆ మెయిల్ ఇంకా రాలేదు. బాకీ వసూళ్ల మీదే బతకాల్సిన చిన్న కంపెనీలో ఆ అంకె ఆయనకు నోటికి వచ్చి ఉండాలి.

రెండోది ఇంతకంటే లోతైనది. కంపెనీ ఒక కొత్త ఉత్పత్తిని తయారుచేస్తోందనీ, దాని మీద పనిచేసే ప్రోగ్రామర్ల జీతాలను ఖర్చుగా కాక "అభివృద్ధి దశలో ఉన్న అమూర్త ఆస్తులు" (సాఫ్ట్‌వేర్‌లాంటి, భౌతిక రూపం లేని ఆస్తులు) అన్న పద్దు కింద చూపిస్తున్నామనీ నివేదికలో రాశారు. ఇది చట్టవిరుద్ధం కాదు. ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం పరిశోధన దశ ఖర్చును ఏ ఏటికా ఏడు లాభంలోంచి తీసేయాలి. అభివృద్ధి దశకు వచ్చాక, సాంకేతికంగా సాధ్యమేననీ, పూర్తిచేసే ఉద్దేశమూ వనరులూ ఉన్నాయనీ, దానివల్ల ఆదాయం వస్తుందనీ చూపగలిగితే ఆస్తిగా రాసుకోవచ్చు. కోటి రూపాయల జీతాలను ఇలా రాసుకుంటే ఆ ఏడు పన్నుకు ముందు లాభం కోటి రూపాయలు పెరుగుతుంది. నగదు ప్రవాహాల పట్టికలోనూ ఆ కోటి వ్యాపార కార్యకలాపాల నుంచి తప్పుకుని పెట్టుబడుల భాగంలోకి వెళుతుంది. అందువల్ల సున్నాకు దగ్గరగా ఉందని నేను పైన చెప్పిన నగదు కూడా, ఈ జీతాలను కలిపి చూస్తే, నిజానికి లోటే. గత ఏడాది లాభంలోంచి ఆ మొత్తాన్ని తీసేస్తే మిగిలేది పాత నష్టమే, కాస్త చిన్నదిగా. పైగా ఆ ఉత్పత్తిని కొన్న ఖాతాదారుడు ఒక్కడైనా ఉన్నట్టు నివేదికలో ఎక్కడా లేదు.

వాయిదా పన్ను ఆస్తి (పాత నష్టాల వల్ల ముందు ముందు తగ్గుతుందని అంచనా వేసుకున్న పన్ను) పేరుతో కలిపిన మొత్తం కూడా నికర లాభంలో ఉంది. అది ఒక్కసారి వచ్చి పోయేదే కనుక దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

సిబ్బందిని పెంచుతున్నామని కూడా ప్రకటనలో చెప్పారు. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ అయిన ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైటులో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలలో ఎంతమంది ఉద్యోగులకు భవిష్యనిధి కట్టారో ఎవరైనా చూడవచ్చు. చేరేనాటికే మూల వేతనం 15,000 రూపాయలు దాటినవారు పథకం బయట ఉండే వీలుంది గనుక ఆ సంఖ్య సంపూర్ణం కాదు. కానీ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది మాత్రం చూపిస్తుంది. ఈ కంపెనీ విషయంలో అది పెరగలేదు.

హైదరాబాదు మదుపరికి 2009 జనవరి 7ను ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు ఆ రోజు లేఖ రాశారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం అసలు 61 కోట్లేనని కూడా అందులోనే ఉంది. నేను చెబుతున్న కంపెనీని ఆ గాటన కట్టడం నా ఉద్దేశం కాదు, అలా కట్టడం అన్యాయం కూడా. దాని డిపాజిట్లకు తగ్గ వడ్డీ ఖాతాలో కనిపిస్తోంది, ఆడిటర్ మధ్యలో తప్పుకోలేదు, ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టలేదు. ఇక్కడ మోసం జరుగుతోందని నేననడం లేదు. తొందరపడి ప్రకటించుకున్నారని అంటున్నాను. కష్టపడి దాచుకున్న డబ్బును ఆ తొందర నమ్మి పెట్టేవాళ్లున్నారన్నదే నా బాధ.

నా అభిప్రాయం మారడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. పాత బాకీల్లో సగమైనా వసూలు కావాలి, కొత్త ఉత్పత్తికి డబ్బు చెల్లించే ఖాతాదారుడు ఒకరు రావాలి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం సెప్టెంబరుతో ముగిసే అర్ధ సంవత్సరపు ఫలితాలు 45 రోజుల్లో, అంటే నవంబరు 14 లోగా రావాలి. వాటితోపాటు నగదు ప్రవాహాల పట్టిక కూడా ఇవ్వాలి. అది చూసేదాకా ఉన్న వాటాలు ఉంచుకుంటాను, కొత్తవి కొనను.