గుర్రం మీదున్నోడు నిజమే చెప్తాడా?

మా వాడి లెక్కల క్లబ్బులో ఇచ్చే పజిల్స్‌లో ఒక ద్వీపం ఉంటుంది. అక్కడ నైట్‌లు, అంటే గుర్రమెక్కిన యోధులు, ఎప్పుడూ నిజమే చెప్తారు, నేవ్‌లు ఎప్పుడూ అబద్ధమే. రేమండ్ స్మల్యన్ అనే తర్కపండితుడు వీటిని పాపులర్ చేశాడు. పజిల్ వాడు చిటికెలో చేసేశాడు గానీ, నేవ్ అంటే ఎవరు నాన్నా అనేసరికి ఆగాల్సి వచ్చింది. న్యూజెర్సీలో పుట్టిన పిల్లలు కూడా వాడే మాట కాదది. నేవరీ అంటే మోసం, మన దిక్కు లంగపని అంటాం చూడండి, ఆ బాపతు. ఒకప్పుడు పేకలో జాకీని కూడా నేవ్ అనేవాళ్లు, ఇప్పుడు అదీ తగ్గింది.

అసలు పాత ఇంగ్లీషులో దానర్థం ఉత్త పిల్లగాడు, అంతే. జర్మన్‌లో క్నాబే అంటే ఇప్పటికీ పిల్లగాడే. ఇంగ్లీషులో మాత్రం పిల్లగాడు కాస్తా పనిపిల్లగాడయ్యాడు, ఆ తర్వాత మోసగాడయ్యాడు. తమాషా ఏంటంటే నైట్ కూడా మొదట్లో పిల్లగాడే, పనివాడే! వాడు గుర్రమెక్కి సర్ అయ్యాడు, వీడు కిందే ఉండిపోయి అబద్ధాలకోరయ్యాడు.

ఆదివారం వీడియో కాల్‌లో దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉన్న తాతకు వాడే ఇదంతా చెప్పాడు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మా నాన్న చిన్నప్పుడు ఓ పెద్దింట్లో జీతమున్నాడు. "గుర్రం మీదున్నోడు నిజమే చెప్తడని ఎవడన్నడు బిడ్డా?" అన్నాడు.

జీతమంటే మా వాడికి తెలిసింది నెలనెలా నా అకౌంట్లో పడేదే. తాత చెప్పింది వేరు: ఏడాదికిన్ని గింజలని మాట్లాడుకుని, పొద్దుగాల పెండ తీసే కాడి నుంచి రాత్రి ఎడ్లకు మేత వేసేదాకా చాకిరీ. కల్లంలో నాలుగు మానికల జొన్నలు తగ్గితే ఎవరు తీశారని అడిగేది లేదు, జీతగాణ్ణి పిలిచేవాళ్లు. 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం నడిచిన జిల్లా మాది, అయినా వెట్టి పోయినంత త్వరగా జీతాలు పోలేదు. వారాంతం తెలుగు క్లాసులో పద్యాలు నేర్పుతారు, మంచిదే, ఈ కల్లం సంగతి మాత్రం తాత దగ్గరే దొరుకుతుంది.

ఉర్దూలో జాకీని గులాం అంటారు, బానిస అని. కనీసం దొంగ అనలేదు.

మా వాడు పజిల్‌ను తిరగేసి, నైట్‌లు అబద్ధాలాడే ద్వీపం ఒకటి తయారుచేశాడు. లెక్కకేమీ తేడా రాదట, పేర్లే మారతాయట.