మాస్టారి కెమెరాకు మీటరు లేదు

మన పాత విద్యార్థుల సమావేశం సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వారు అడిగినప్పుడు, హాస్టలు కబుర్లు టంగుటూరు మిత్రుడూ, కబడ్డీ జట్టు సంగతులు కొత్తపట్నం వాళ్ళూ ఎలాగూ రాస్తారని అనుకున్నాను. లైబ్రరీ తాళంచెవి వ్యవహారం మన లీడరే రాయాలి, అది అతని హక్కు. నేను మాత్రం ఫిజిక్సు మాస్టారి కెమెరా గురించే రాస్తాను.

అది యాషికా డి. ఒకదాని మీద ఒకటిగా రెండు కటకాలు, పైన మూత తెరిచి తల వంచి చూస్తే గాజు పలక మీద కుడి ఎడమలు మారి కనిపించే మన బడి. దానిలో బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు. రీలు తిప్పడం, వెలుతురును క్షణకాలం లోనికి వదిలే షట్టరు బిగించడం, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, దాని అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) పెట్టడం, దూరం సరిచూడడం, అన్నీ చేత్తోనే చేయాలి. 120 రీలుకు పన్నెండు బొమ్మలు వస్తాయి కనుక, ఆ పన్నెండింటిలో ఒక్కటి తీయడానికి ముందు కూడా మాస్టారు ఎంతసేపు నిలబడేవారో మీకందరికీ గుర్తే.

ఆయన వాడేది తూర్పు జర్మనీ ఓర్వో ఎన్‌పీ 22 ఫిల్ము, దాని వేగం, అంటే వెలుతురును పట్టుకునే చురుకు, 125. స్వచ్ఛమైన ఎండలో ఎపర్చర్ 16 దగ్గర పెట్టి, ఫిల్ము వేగం ఎంతో సెకనులో అన్నో వంతు షట్టరు పెడితే చాలునన్నది ఫోటోగ్రాఫర్లందరికీ తెలిసిన లెక్క. కెమెరా మీద 1/125 ఉండనే ఉంది గనుక ఆ ఫిల్ముకూ మన ఒంగోలు ఎండకూ సరిగ్గా కుదిరింది. అయితే మాస్టారు ఆ లెక్కను నల్లబల్ల మీద చెప్పి వదిలిపెట్టలేదు. తొమ్మిదో తరగతిలో వానలు పట్టిన ఆ వారమంతా మమ్మల్ని ఆటస్థలంలో నిలబెట్టి, కెమెరా లేకుండానే, మబ్బు కదిలినప్పుడల్లా “ఇప్పుడెంత?” అని అడిగారు. మేము ఆకాశం చూస్తే కోప్పడేవారు. “పైకెందుకురా అబ్బాయ్, నీ నీడ అంచు చూడు” అనేవారు. అంచు కత్తిరించినట్టు ఉంటే 16. అంచు మెత్తబడితే 11. నీడ ఉందో లేదో అన్నట్టుంటే 8. అసలు నీడే పడకపోతే 5.6. ఎండ కాస్తుండగా చెట్టు నీడలోకో వరండాలోకో మనిషిని తెచ్చి నిలబెడితే 4. పొద్దు వాలే వేళకు ఈ లెక్క చెల్లదనీ, అప్పుడు ఇంకా తెరవాలనీ చివరి రోజున చెప్పారు. మా వేపచెట్టు బ్యాచ్ మొత్తం “పదకొండు! కాదు, ఎనిమిది!” అని అరిచిన అరుపులు స్టాఫ్ రూము దాకా వినిపించాయి.

ఆ పాఠం దేనికోసమో నాకు సంక్రాంతికి జరిగిన బండలాగుడు పందేల దగ్గర తెలిసింది. ఆ రోజు ఊళ్ళోకి వచ్చిన స్టూడియో ఆయన దగ్గర మీటరు ఉన్న మంచి కెమెరా ఉంది. ఆయన, మాస్టారు ఒకే చోట నిలబడి, ఒకే ఒంగోలు జతను, పదకొండు గంటల ఎండలో తీశారు. తరువాత రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాము. స్టూడియో ఆయన బొమ్మలో తెల్లటి గిత్తలు బూడిద రంగుకు తిరిగాయి, పగ్గం పట్టిన రైతు ముఖం నల్లటి మచ్చగా మిగిలింది. మాస్టారి బొమ్మలో గిత్త తెల్లగా ఉంది, మూపురం కింది ముడతలు లెక్కపెట్టవచ్చు, రైతు కళ్ళు కూడా కనిపిస్తున్నాయి. స్టూడియో ఆయన పనితనంలో లోపం లేదు. వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుతురును కొలిచే మీటరు, తన ఎదుట ఉన్నది ఏదైనా మధ్యరకం బూడిద రంగేనని అనుకుంటుంది. చట్రం నిండా తెల్లటి ఎద్దు నిలబడితే, వెలుతురు ఎక్కువైందని తలచి తగ్గించమంటుంది. నల్ల గేదెను చూపిస్తే పెంచమంటుంది. మాస్టారు కొలిచింది ఎద్దును కాదు, ఎద్దు మీద పడుతున్న ఎండను. ఆ ఎండ ఎద్దుకూ గేదెకూ రైతుకూ ఒక్కటే.

బడి ల్యాబు వెనక గదిలో ఆ రీలు కడిగిన రాత్రి నేను దగ్గరే ఉన్నాను. పూర్తి చీకట్లో ఫిల్మును తొట్టిలోకి ఎక్కించి, హైపో (బొమ్మను నిలిపే ద్రావకం) అయ్యాక తీసి దీపానికి ఎత్తి పట్టినప్పుడు, పన్నెండు గడులూ ఒకే చిక్కదనంతో ఉన్నాయి. నెగటివ్ ఫిల్ము కొంత ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువను అంతగా ఓర్చుకోదు. కనుక అనుమానం వస్తే ఎపర్చర్ ఒక మెట్టు ఎక్కువ తెరవమని ఆయన అప్పుడే చెప్పారు. కంటి అంచనాతో తీసిన ఫోటోలు నిలబడడానికి ఆ ఓర్పే కారణం.

తరువాతి ఇంటరు గురించీ, తిరుపతిలో పశువైద్యం చదివిన కాలం గురించీ ఇక్కడ చెప్పుకోవలసినది లేదు. ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో ట్రంకు రోడ్డులో పాతది ఒక యాషికా డి కొన్నాను. చదలవాడ పశుక్షేత్రంలోనూ పల్లెల్లోనూ నేను దానితో తీసిన ఒంగోలు గిత్తల ఫోటోలను ఇప్పుడు పశువైద్య విద్యార్థులకు జాతి లక్షణాలు చెప్పేటప్పుడు చూపిస్తున్నారు. తెలుపు తెలుపుగా, మూపురం మూపురంగా వచ్చినందుకే వాటిని ఎంచుకున్నామని ఆ పాఠాలు చెప్పేవారు అన్నప్పుడు ఆ సంతోషం మాస్టారికి చెందుతుందనుకున్నాను.

మీటరు ఉన్న పాత కెమెరాలు కూడా నా దగ్గర ఉన్నాయి. కొన్నింటిలో వెలుతురును కొలిచే సెలీనియం గడి ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడింది, మరికొన్నింటికి కావలసిన పాదరసం బ్యాటరీలు బజారులో దొరకడం లేదు. 1954 నాటి లైకా ఎం3కి గానీ, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌కు గానీ ఒంట్లో మీటరు లేదు, అందువల్ల చెడిపోవడానికి మీటరే లేదు. నా యాషికా షట్టరు ఇప్పటికీ టిక్కుమని పడుతుంది. అయితే అది పాడవదు అన్నంత మాత్రాన నేను దాన్ని పట్టుకుని తిరగడం లేదు. ఫోనుతో తీసేటప్పుడు నేను మనిషిని చూస్తాను. దీనితో తీసేటప్పుడు మొదట ఆ మనిషి ఏ వెలుతురులో నిలబడ్డాడో చూడక తప్పదు. ఆ చూపు అలవాటయ్యాక కెమెరా చేతిలో లేనప్పుడు కూడా పోదు. బస్సులో కూర్చుని సింగరాయకొండ దాటుతుంటే పొలాల మీది వెలుతురు నాకు అంకెలుగా తోస్తుంది, అది నాకెంతో ఇష్టం.

సమావేశం రోజున దాన్ని తెస్తున్నాను. 400 వేగం ఫిల్ము ఎక్కిస్తాను. వేపచెట్టు కింద మూడు వరుసలుగా నిలబడాలి గనుక 1/125 దగ్గర 8 పెడతాను, మూడు వరుసలూ స్పష్టంగా వస్తాయి. ఎండ ముక్కలు ముఖాల మీద పడకుండా కొమ్మ దట్టంగా ఉన్న తూర్పు వైపునే నిలబడండి. తెల్ల చొక్కాలు, పట్టుచీరలు ఏవైనా కట్టుకుని రావచ్చు. మాస్టారి పాత నెగటివులు ఎవరి దగ్గరైనా ఉంటే కాగితపు కవర్లలో పెట్టి తీసుకురండి, ప్లాస్టిక్కులో పెట్టవద్దు. ప్రింట్లు నేను వేయించి ఇస్తాను.