కాల్షియం వంకతో

"పాలు దూడ కోసం కదమ్మా, మనమెందుకు తాగాలి?" అంటూ మా పన్నెండేళ్ల పిల్ల గ్లాసు పక్కకు జరిపింది. ఆ రోజు నుంచి పెరుగు, నెయ్యి, పనీర్ కూడా బంద్. పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కోవడం మా వంశంలో లేదు.

వాదనలో గెలవాలని లెక్కలు తీశాను. 9 నుంచి 18 ఏళ్ల పిల్లలకు అమెరికాలో చెప్పే కాల్షియం మోతాదు రోజుకు 1,300 మిల్లీగ్రాములు. కప్పు పాలలో ఉండేది దాదాపు 300. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. తిండిలో చాలకపోతే రక్తానికి కావలసింది శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఇదంతా మేడమ్‌గారికి గట్టిగానే వినిపించాను.

అది ఫ్రిజ్‌లోంచి సోయా పాల డబ్బా తీసి వెనక రాసింది చూపించింది. కాల్షియం కలిపారు, కప్పుకి ఇంచుమించు అంతే. డబ్బా బాగా కుదిపి పోసుకోవాలని, లేకపోతే అడుగున పేరుకుంటుందని మాత్రం నేనే చెప్పాను, కాస్త పరువు దక్కించుకోవడానికి. కాల్షియం సల్ఫేట్‌తో గడ్డకట్టించిన టోఫూ, అదే సోయా పనీర్, కూడా పనికొస్తుంది. మనకు రాగులున్నాయి, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. నువ్వులు, మునగాకు సరేసరి. పాలకూర మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కాల్షియాన్ని పట్టేసి వదలని ఆక్సలేట్లనే పదార్థాల వల్ల అందులోది 5 శాతం ఒంటికి పడితే గొప్ప.

ఇంతవరకూ సలహాలు బాగానే ఇస్తాను. రాగిపిండి కొని అలమరలో పెడతాను, మా అమ్మ వచ్చినప్పుడు తప్ప జావ కాచను. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలని చెప్పిన నోటితోనే, సాకర్‌కి వెళ్తుంటే "ఎండకి నల్లబడతావే" అంటాను. నాకూ రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. టీలో పడే పాలు తప్ప నేను పాలు ముట్టి ఎన్నేళ్లయిందో!

పాలు లేకుండానే దాని లెక్క సరిపోతుందని తేలాక నాకు నిశ్చింతగా ఉండాలి కదా. ఆ రాత్రి కూడా "ఒక్క ముద్ద పెరుగన్నం తినవే" అని బతిమాలాను. ఒక్క ముద్దలో ఎంత కాల్షియం ఉంటుందని? అయినా అడిగాను. మరి నా బెంగ దాని ఎముకల గురించేనా? సోయా పెరుగుకి ఆవాలు, కరివేపాకు తాలింపు పెడితే సరిపెట్టుకోగలనా? వేసవిలో ఊరెళ్తే మా అత్తయ్య దాని కంచంలో గడ్డపెరుగు వేయడానికి గరిటె ఎత్తుతుంది. అప్పుడు ఎవరి వైపు మాట్లాడాలో ఇంకా తేల్చుకోలేదు.